నాగభూషణం కొట్టులో పుట్టిన పేరు

నరసరావుపేటలో ఏ పసిపిల్లకి ఏ పేరు పెట్టబోతున్నారో ఆ పిల్ల మేనత్త కంటే ముందు నాగభూషణానికి తెలిసిపోతుంది. ఆయన జ్యోతిష్కుడు కాదు, పురోహితుడూ కాదు. స్టీలు సామాన్ల కొట్టు ఆయనది. బారసాలకి వచ్చినవాళ్ళ చేతిలో ఓ స్టీలు డబ్బా పెట్టి పంపడం ఈ చుట్టుపక్కల ఆనవాయితీ అయిపోయింది. ఉత్త డబ్బా ఇస్తే ఎవరిచ్చారో నాలుగు రోజులకి మర్చిపోతారు. అందుకని దాని మీద పిల్ల పేరు కొట్టించాలి. బారసాల దాకా పేరు బయటికి పొక్కకూడదని ఇంట్లో అందరి నోళ్ళూ మూయిస్తారు గానీ, డబ్బాల మీద పేరు పడాలంటే వారం ముందు నాగభూషణం చెవిన వెయ్యక తప్పదు.

ముప్పై ఏళ్ళుగా ఆయన పేర్లు కొట్టే మిషను పట్టుకుని జుయ్‌మనిపిస్తూనే ఉన్నాడు. మొదట్లో అన్నీ వెంకట సుబ్బలక్ష్ములూ, శివ నాగేశ్వరరావులూ. ఒక్క పేరు కొట్టేసరికి గిన్నె చుట్టూ ఓ ప్రదక్షిణ అయ్యేది. తర్వాత మౌనికలు వచ్చారు, చేతికి కాస్త విశ్రాంతి దొరికింది. ఇప్పుడేమో అన్నీ ఒత్తులే. ఆద్విక, హన్విక, రిత్విక్, జశ్విత్. అక్షరాలు తక్కువే గానీ ఒక్కో అక్షరం కింద ఒక్కో అక్షరం వేలాడుతూ ఉంటుంది. వాటిని కొట్టీ కొట్టీ మణికట్టు లాగేస్తోందని సాయంత్రం పూట భార్య రామతులసి చేత మందు రాయించుకుంటున్నాడు.

ఆర్డర్లు రాసుకునే పొడుగు పుస్తకం ఒకటుంది ఆయన దగ్గర. పేరు, ఊరు, ఎన్ని డబ్బాలు. చదివింది ఎనిమిదో తరగతే అయినా, ఆ పుస్తకం పుణ్యమా అని పల్నాడులో పేర్ల గురించి ఆయన మాటకి తిరుగులేదు. మిర్చి రేటు అడిగినట్టు అడుగుతారు జనం.

"ఈ నెల ఏం పేరు నడుస్తంది బాబాయ్?"

"నీకెట్టాంటిది కావాలమ్మాయ్?"

"బాగా నడుస్తన్న పేరు కావాలి. కానీ ఇంకెవరికీ ఉండకూడదు."

రెండు కోరికలూ ఒక్క ఊపిరిలోనే. నాగభూషణం నవ్వడు. ఎంతో బాధ్యతగా పుస్తకం తిరగేసి మూడు నాలుగు పేర్లు చెప్పి పంపిస్తాడు. ఆయనకున్న బలహీనత ఒక్కటే. అడిగితే చెప్పకుండా ఉండలేడు. అడగకపోతే ఎప్పుడడుగుతారా అని ఎదురుచూస్తాడు.

అలాంటి మనిషికి ఆయన కూతురు హరిత ఒక రహస్యం అప్పజెప్పింది.

హరిత పురుడు పోసుకోవడానికి పుట్టింటికి వచ్చి ఆడపిల్లని కన్నది. మూఢం ఉందని పంతులుగారు బారసాలని మూడో నెలకి నెట్టారు. ఓ రోజు మధ్యాహ్నం తండ్రిని గదిలోకి పిలిచి తలుపు గడియ పెట్టింది.

"నాన్నా, పాప పేరు అనుకున్నా. నీకొక్కడికే చెప్తన్నా. అమ్మక్కూడా చెప్పలా."

"మీ ఆయనకి?"

"ఆయనకి చెప్పినా వాళ్ళమ్మకి చెప్పినా ఒకటే."

"చెప్పు తల్లీ. నా నోటి సంగతి నీకు తెలియంది కాదుగా."

"తెలిసే భయపడతన్నా." హరిత గొంతు తగ్గించింది. "విపంచి."

"అంటే?"

"వీణ. చిన్నప్పుడు కొట్టు పైన మేడలో టీచరమ్మ దగ్గర నేను వీణ నేర్చుకుంటంటే కింద కొట్లో నువ్వు మిషనాపి వినేవాడివే, గుర్తుందా? అందుకని. మంచి పేరు. కొట్టుకెళ్ళి నీ పుస్తకంలో చూడు, ఎవరికన్నా ఉందేమో. లేకపోతే మాత్రం ఎవరికీ చెప్పమాక. నీ నోట్లోంచి ఒకసారి వచ్చిందంటే నెల తిరిగేసరికి పేటంతా విపంచీలే."

"మరి నక్షత్రం ప్రకారం గి అక్షరం రావాలన్నాడుగా పంతులు?"

"చెవిలో చెప్పేది గిరిజ అని చెప్పించుకుందాం. పిలిచేది నా పేరు."

నాగభూషణం కొట్టుకెళ్ళి మూడేళ్ళ పుస్తకాలు తిరగేశాడు. ఒక్క విపంచి కూడా లేదు. ఆ సంతోషం ఎవరికో ఒకరికి చెప్పుకోవాలని ప్రాణం కొట్టుకుంది. చెప్పుకోలేడు. కొట్టు తలుపు దగ్గరగా వేసి, అరవై కొత్త డబ్బాలు దించి, అన్నిటి మీదా విపంచి, విపంచి అని కొట్టేశాడు. నోటితో చెప్పలేనిది చేత్తో చెప్పుకుంటే కాస్త తేలికపడింది. వాటిని గోతాల్లో కట్టి ఇంటి అటక మీదకి ఎక్కించాడు.

నాలుగు రోజులు బాగానే గడిచాయి. నోట్లో వక్కపొడి వేసుకుని కూర్చున్నాడు, మాట బయటికి రాకుండా. అయిదో రోజు క్రోసూరు నుంచి ఒకావిడ వచ్చింది.

"బాబాయ్, మనవరాలికి పేరు కావాలి. అమ్మాయీ అల్లుడూ పుస్తకాలు చూశారు, ఫోన్లు చూశారు, ఏదీ నచ్చలా. నువ్వైతే చెప్తావని ఊళ్ళో అందరూ అన్నారు."

"నా దగ్గరేమున్నయ్యమ్మా. హన్విక ఉంది, ఆద్య ఉంది."

"అవన్నీ పాతవి బాబాయ్. పోయిన సంవత్సరానివి. ఎవరూ వినని పేరొకటి నీ కడుపులో ఉంది. నీ మొహం చూస్తేనే తెలుస్తంది."

నిజంగానే ఉంది. అది గొంతు దాకా వచ్చింది. పెదవుల దగ్గరికి కూడా వచ్చి "వి..." అని కాలు బయట పెట్టబోయింది. నాగభూషణం దాన్ని గుటుక్కున మింగి చుట్టూ చూశాడు. చేతిలో తుడుస్తున్న గిన్నె ఉంది.

"గిన్..." అన్నాడు.

"గిన్?"

"గిన్విత."

ఎదురుగా ఫ్లెక్సీ కొట్టు నడిపే షఫీక్ అప్పుడే టీ తాగుదామని వచ్చి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. టీ పొలమారింది అతనికి.

"గిన్విత!" ఆవిడ రెండు సార్లు అనుకుంది. "చానా బాగుంది. ఏమర్థం బాబాయ్?"

నాగభూషణం ఈసారి గిన్నె లోపలికి చూశాడు. "ఎన్నటికీ ఖాళీ కానిది."

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగినంత పనైంది. ఎనభై డబ్బాలకి ఆర్డరిచ్చి వెళ్ళిపోయింది.

షఫీక్ మూతి తుడుచుకుని అడిగాడు. "అన్నా, నేనడిగితే చెంబు చూసి చెప్తావా?"

"ఊరుకోరా. ఏదో నోటికొచ్చింది. ఆవిడ ఇంటికెళ్ళేసరికి మర్చిపోద్ది."

ఆవిడ మర్చిపోలేదు. క్రోసూరులో బారసాలకి వెళ్ళినవాళ్ళు ఎనభై మంది ఎనభై డబ్బాలు ఇళ్ళకి పట్టుకెళ్ళారు. డబ్బా మీద పేరు చూసిన కడుపుతో ఉన్న ప్రతి పిల్లా ఇదేదో కొత్తగా ఉందే అనుకుంది. పదిహేను రోజులకి ముప్పాళ్ళ నుంచి ఒక గిన్విత వచ్చింది. మర్నాడు మాచర్ల నుంచి రెండు. గురజాలలో కవల పిల్లలు పుడితే ఆడపిల్ల గిన్విత, మగపిల్లాడు గిన్విత్. షఫీక్ కొట్లో ఫ్లెక్సీల మీద పూల మధ్యన పడుకున్న గిన్వితలు ఎండకి ఆరుతూ కనపడేవారు. ఫోన్లో ఎవరో అమ్మాయి తల ఊపుతూ 'ఈ ఏడాది దూసుకుపోతున్న పది పేర్లు' అని వీడియో పెట్టింది. అందులో నాలుగోది గిన్విత. పేర్ల వెబ్‌సైటు ఒకదాంట్లో అయితే, సంస్కృత పదమనీ, లక్కీ నంబరు ఆరనీ, ఈ పేరున్నవాళ్ళు మెతక మనసు గలవాళ్ళనీ రాశారు.

మొదట్లో నాగభూషణానికి కంగారు పుట్టింది. పదో గిన్విత దగ్గర కొంచెం గర్వం కలిగింది. ఇరవయ్యో గిన్విత దగ్గర, నిజంగానే ఇలాంటి పేరు ఎక్కడో ఉండి ఉంటుందనీ, చిన్నప్పుడు ఏ హరికథలోనో విని ఉంటాననీ ఆయనే నమ్మడం మొదలుపెట్టాడు. పైగా మనసులో ఒక లెక్క కూడా ఉంది. జనమంతా గిన్విత వెనక పడితే విపంచి జోలికి ఎవరూ రారు.

బారసాల ఇంకా వారం ఉందనగా ధరణికోట నుంచి ఫోను వచ్చింది. హరిత అత్తగారు వీరరాఘవమ్మ.

"అన్నయ్యగారూ, మనవరాలికి పేరు కుదిరిపోయిందండీ! పంతులుగారు గి అక్షరమన్నారు గదా, ఇంటిల్లిపాదీ ఫోన్లు ముందేసుకుని వెతికాం. గిన్విత."

నాగభూషణం ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు. ఆ చెవిలోనూ అదే వినపడింది.

"ఎన్నటికీ ఖాళీ కానిదని అర్థమంట. అచ్చం లక్ష్మీదేవే. మావాడు కూడా సరేనన్నాడు. అరవై డబ్బాల మీద కొట్టించి పెట్టండి. ఒక్క మాట, ఎవరికీ చెప్పమాకండి. మా మరిది వాళ్ళ చెవిన పడిందా, ఇక అంతే. మేము గేటుకి నీలం రంగేస్తే వారానికి వాళ్ళ గేటుకీ నీలమే. మేము కుక్కని తెస్తే వాళ్ళూ కుక్కనే తెచ్చారు. మావాడి పెళ్ళికి కూడా రాని మనుషులు, మా పేరు మాత్రం ఎత్తుకుపోతారు."

"చెల్లెమ్మా, హరిత ఏదో పేరు..."

"అమ్మాయికి మా చక్రధర్ చెప్తాళ్ళెండి," అని పెట్టేసింది.

చక్రధర్ చెప్పాడు. సాయంత్రం నాగభూషణం ఇంటికెళ్ళేసరికి హరిత ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రగా చేసుకుని కూర్చుంది.

"నాన్నా, ఏంది ఈ గిన్విత? యాణ్ణించి ఊడిపడింది? నీకు తెలియని పేరంటూ ఉండదుగా. కనుక్కో. దానికి చెడ్డ అర్థమేమన్నా ఉంటే చెప్పు, అత్తయ్య మానేస్తది. నా మాటైతే వినట్లేదు."

నాగభూషణం అన్నం ముందు కూర్చున్నాడు. రామతులసి గిన్నెతో పప్పు తెచ్చి ముందు పెట్టింది. ఆయన ఆ గిన్నె వంక చూడలేక మొహం పక్కకి తిప్పుకుని, పెరుగన్నం మాత్రం తిని లేచాడు.

మర్నాడు షఫీక్ దగ్గర గోడు వెళ్ళబోసుకున్నాడు.

"చెప్పెయ్ అన్నా," అన్నాడు షఫీక్. "గిన్నె చూసి పెట్టా, అంతేనమ్మా అను."

"ఎట్టా చెప్పేదిరా? ముప్పై ఇళ్ళల్లో పెట్టుకున్నారు. ఉయ్యాల్లో పిల్లల్ని పెట్టుకుని పొద్దున్నా సాయంత్రం గిన్వితా గిన్వితా అని జోకొడతన్నారు. గిన్నె అని తెలిస్తే ఆ డబ్బాలన్నీ పట్టుకొచ్చి నా నెత్తిన కొడతారు."

"చెప్పకపోతే నీ మనవరాలు బడిలో, కాలేజీలో, రేపు పెళ్ళి కార్డులో గిన్నే."

"నోరుముయ్యరా."

"నేనేమంటన్నానన్నా, ఖాళీ కాని గిన్నే అంటన్నా."

చేసేది లేక నాగభూషణం మిషను ముందు కూర్చున్నాడు. సొంత మనవరాలి కోసం గిన్విత, గిన్విత అని అరవై సార్లు కొట్టాడు. ఒక్కో డబ్బా పక్కన పెడుతుంటే హరిత ఎర్ర ముక్కే కళ్ళ ముందు మెదిలింది. అరవయ్యో డబ్బా అయ్యేసరికి చెప్పెయ్యాలని గట్టిగా అనుకున్నాడు. మిషను ఆపేసరికి గట్టిదనం సగానికి సగం పోయింది.

బారసాల రోజు వచ్చేసింది. ఇంటి ముందు షామియానా వేశారు. ధరణికోట వాళ్ళు రెండు కార్లలో దిగారు. పీటల మీద చక్రధర్, హరిత, ఒళ్ళో పట్టు లంగా చుట్టిన పాప. పంతులుగారు పళ్ళెంలో బియ్యం పరిచి, ఉంగరం చక్రధర్ చేతికిచ్చి, "రాయండి నాయనా," అన్నాడు. చక్రధర్ గుడి వేసి గి రాశాడు.

హరిత తలెత్తి తండ్రి వంక చూసింది. అంతే, ఇంకేమీ చెయ్యలేదు.

"ఆపండి!" అన్నాడు నాగభూషణం.

నూటయాభై మంది తిరిగి చూశారు. పిలుపు మీద వచ్చినవాళ్ళలో సగం మంది ఆయన కొట్లో పేరు కొట్టించుకున్నవాళ్ళే. నాగభూషణం కండువాతో మెడ తుడుచుకున్నాడు.

"ఆ పేరు పెట్టమాకండి. అట్టాంటి పేరు లోకంలో లేదు. నేను పుట్టించా. గిన్నె తుడుస్తా తుడుస్తా, చేతిలో ఉన్న గిన్నె చూసి, దానికి విత తగిలించి చెప్పా. నాకు ఏ పేరూ తట్టక చెప్పా. తప్పయిపోయింది."

వీరరాఘవమ్మ ఫక్కున నవ్వింది.

"ఊరుకోండి అన్నయ్యగారూ! గిన్నె చూస్తే పేరొస్తదా? రేపు చెంబు చూసి మగపిల్లాడికి పెడతారా? కూతురి మాట నెగ్గించాలని ఎంత కథ చెప్తన్నారు!"

"కథ కాదు చెల్లెమ్మా. షఫీక్‌ని అడగండి."

"నిజమేనమ్మా," షఫీక్ లేచాడు. "నా కళ్ళ ముందే పుట్టింది. టీ కూడా పొలమారింది."

"మీరిద్దరూ ఒక కూటమి," అంటూ ఆవిడ ఫోను తీసి అందరికీ చూపించింది. "ఇదిగో, రాసుంది. సంస్కృతం. అర్థం, ఎన్నటికీ ఖాళీ కానిది. మెతక మనసు."

"ఆ అర్థం కూడా నేనే చెప్పా!"

"మీరు ఇందులో చూసే చెప్పుంటారు."

పంతులుగారు గొంతు సవరించుకున్నాడు. ఇప్పటికే ఈ పేరు తొమ్మిది మంది చెవుల్లో చెప్పి ఉన్నాడాయన. "అలా అనకూడదు నాగభూషణంగారూ. గిన్ అనగా పరిపూర్ణత. విత అనగా... కూడుకున్నది. ఎంతో ప్రాచీనమైన నామం."

"ప్రాచీనం కాదు పంతులుగారూ, రెండు నెలల కిందటిది!"

వెనక నుంచి ముప్పాళ్ళ ఆవిడ లేచింది. "ఏంది బాబాయ్ ఇది? మా మనవరాలికి ఆ పేరు పెట్టిన మూడో రోజే మా బోర్లో నీళ్ళు పడ్డయ్. అది ఉత్త పేరైతే నీళ్ళెట్టా పడతయ్?"

నాగభూషణం నెత్తిన డబ్బాలు పడతాయని రెండు నెలలుగా భయపడ్డాడు గానీ, అసలు నిజం చెబితే ఎవరూ నమ్మరన్న సంగతి ఆయనకి తట్టనే లేదు. కుర్చీలో కూలబడ్డాడు.

వీరరాఘవమ్మకి జాలేసింది. "పోనీ మీరే పుట్టించారనుకుందాం అన్నయ్యగారూ. మంచిదేగా. తాతగారు పుట్టించిన పేరు."

"మంచిదేలే చెల్లెమ్మా," అన్నాడు నాగభూషణం నీరసంగా. "చానా మంది పెట్టుకున్నారు."

"చానా మందంటే?"

అడిగితే చెప్పకుండా ఉండలేడు గదా. పుస్తకం చూడనక్కర్లేదు, నోటికే వచ్చు. "క్రోసూరు ఆరు, ముప్పాళ్ళ నాలుగు, మాచర్ల అయిదు, గురజాల మూడు, పేటలో పదకొండు. మీ ధరణికోటలో ఒకటి."

వీరరాఘవమ్మ నవ్వు ఆగిపోయింది. "ధరణికోటలో ఎవరికి?"

"మొన్న సోమవారం ఫోన్లో ఆర్డరిచ్చారు. గోపాలకృష్ణయ్యగారంట. మనవరాలికంట. డెబ్బై డబ్బాలు."

"మా మరిది!"

ఆ కేకకి పాప ఉలిక్కిపడి లేచింది. వీరరాఘవమ్మ ముందుకొచ్చి, పంతులుగారిని దాటి, పళ్ళెంలో చక్రధర్ రాసిన గి మీద అరచెయ్యి పెట్టి బియ్యం చదును చేసేసింది.

"నీలం గేటు పోయింది, కుక్క పోయింది, ఇప్పుడు పేరు కూడానా? వాళ్ళు ముందు పెట్టుకుంటే ఊళ్ళో మేమే కాపీ కొట్టామంటారు! వద్దు. నా మనవరాలికి ఆ పేరు వద్దే వద్దు."

"సంస్కృతం గదమ్మా..." పంతులుగారు నసిగాడు.

"గిన్నె అని అన్నయ్యగారు చెప్తన్నారుగా! వినపళ్ళా మీకు?"

హరిత ఇదే అదనని నోరు విప్పింది. "అత్తయ్యా, నేనొక పేరనుకున్నా. విపంచి."

వీరరాఘవమ్మ అర్థం అడగలేదు. నేరుగా నాగభూషణం వైపు తిరిగింది. "ఎంత మందికుంది?"

"ఒక్కరికి కూడా లేదు. మూడేళ్ళ పుస్తకాలు చూశా."

"మా మరిది వాళ్ళకి తెలుసా?"

"హరితకీ నాకూ తప్ప ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు."

"రాయరా చక్రధర్, చూస్తావేంది!"

చక్రధర్ రాశాడు. చెవిలో గిరిజ అని మూడుసార్లు చెప్పారు. పాప మళ్ళీ నిద్రపోయాక, "ఇంతకీ అర్థమేందమ్మాయ్?" అని అడిగింది వీరరాఘవమ్మ. వీణ అని హరిత చెప్తే, "నేను అనుకున్నాలే," అంది.

భోజనాలయ్యాయి. ఇంటికొకటి చొప్పున డబ్బాలు పంచాలి. వసారాలో ఉన్న గిన్విత డబ్బాలని చూసి హరిత తల పట్టుకుంది. నాగభూషణం నిచ్చెన వేసి, అటకెక్కి, గోతాలు దించాడు. మూతి విప్పితే విపంచి, విపంచి, అరవై.

"ఇవా!" రామతులసి బుగ్గన వేలేసుకుంది. "రెండు నెలల్నించి నా ఆవకాయ జాడీలకి చోటు లేకుండా చేసింది ఇవా? నాక్కూడా చెప్పలేదే!"

"ఎవరికీ చెప్పనన్నాగా," అన్నాడాయన. హరిత నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "నిన్ను నమ్మలేకపోయా నాన్నా," అంది.

మిగిలిన గిన్వితలకి షఫీక్ దారి చూపించాడు. వచ్చే వారం పిడుగురాళ్ళలో ఒక గిన్విత ఉంది, ఫ్లెక్సీ తనే చేస్తున్నాడు. వాళ్ళకి కావాల్సింది సరిగ్గా అరవై.

రెండో రోజు పొద్దున్నే కొట్టు తియ్యగానే ఒకావిడ వచ్చింది. చేతిలో బారసాలలో ఇచ్చిన డబ్బా.

"బాబాయ్, మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. ఈ విపంచి ఏదో బాగుంది. అర్థం కూడా చెప్పారంట. ఇదే ఒక డెబ్బై డబ్బాల మీద..."

నాగభూషణం ఆవిడ మొహం చూశాడు, డబ్బా చూశాడు. వక్కపొడి నోట్లో వేసుకున్నాడు. ముప్పై ఏళ్ళ అనుభవంతో తలాడించాడు.

"విపంచా? పెట్టుకోమ్మా, మంచి పేరే. కాకపోతే ఈ నెల్లో ఇది నలభయ్యోది."

"నలభయ్యా!" ఆవిడ డబ్బాని సంచిలో పడేసింది. "అబ్బే, అంత మందికుంటే మాకెందుకు. ఇంకోటి చెప్పు బాబాయ్, ఎవరికీ లేనిది."

నాగభూషణం గబుక్కున చేతిలో ఉన్న గరిటె కింద పెట్టేశాడు. ముందున్న పళ్ళాలు కనపడకుండా కళ్ళు పైకెత్తాడు.

రోడ్డుకి అవతల నుంచి షఫీక్ అరిచాడు. "అన్నా! ఫ్యాను వంక చూడమాక!"